డిఫికల్ట్ టెరైన్ అంటే మా ఊరేనా?

ఈ వ్యాసంలో మేము పరిశీలిస్తున్నది కథల పుస్తకమూ కాదు, కవితా సంపుటీ కాదు. అమీర్‌పేటలో జిరాక్సు షాపుల్లో స్పైరల్ బైండింగు చేసి అమ్మే ఒక నోట్సు. ఆయిల్ అండ్ గ్యాస్ కోర్సు చేసే పిల్లల కోసం తయారైంది. రాసినవాళ్ల పేరు ఎక్కడా లేదు. ఏ సంవత్సరం వేశారో లేదు. ఒకరి దగ్గర ఉన్నదాన్ని ఇంకొకరు జిరాక్సు తీయించుకోగా తీయించుకోగా కొన్ని బొమ్మల్లో గీతలు కూడా అరిగిపోయాయి. మా దగ్గర చదివి, పాలిటెక్నిక్ పూర్తిచేసి, తర్వాత ఆ కోర్సులో చేరిన ఒక కోయ కుర్రాడు సెలవులకు వచ్చినప్పుడు మాకు ఇచ్చాడు. మేము ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులం కలిసి మొదటి నుంచి చివరిదాకా చదివాం.

నోట్సు మీద విమర్శ ఏమిటని కొందరు అడగవచ్చు. మా ఊళ్లవాళ్లకు హైదరాబాద్ అంటే రెండు చోట్లే. రోగం ముదిరితే పంజాగుట్టలో నిమ్స్, చదువు అయిపోతే అమీర్‌పేటలో కోచింగ్. రెండింటికీ మధ్య మెట్రోలో ఒక్క స్టేషను దూరం. నిమ్స్‌కు వెళ్లినవాళ్లు చీటీలు తెచ్చుకుంటారు, అమీర్‌పేట వెళ్లినవాళ్లు నోట్సులు తెచ్చుకుంటారు. గిరిజన రచయితలం మేము రాసే కథలు మా పిల్లల్లో ఎంతమంది చదువుతున్నారో మాకు తెలుసు. ఈ నోట్సులు మాత్రం రాత్రంతా కూర్చుని, గీతలు గీసుకుని, బట్టీపట్టి చదువుతున్నారు. వాళ్లు పుట్టిన నేలకు ఆ నోట్సు ఏం పేరు పెడుతోందో చూడకుండా వదిలేస్తే, మిగిలిన సాహిత్య విమర్శ ఎంత చేసినా సగమే అవుతుంది.

నోట్సులో మేము చూసింది ఒకే అధ్యాయం. హారిజాంటల్ డ్రిల్లింగ్. చమురు బావిని నిటారుగా కాకుండా కొంత లోతుకు వెళ్లాక వంచి, అడ్డంగా తీసుకుపోవడం. ఇంజనీరింగు చదవనివాళ్లం కాబట్టి మేము నెమ్మదిగా చదివాం. ఒకమాట ఒప్పుకోవాలి, పాఠం బాగా చెప్పారు. ముందు బావి తిన్నగా దిగుతుంది. ఒకచోట వంపు మొదలవుతుంది, దాన్ని కిక్ ఆఫ్ పాయింట్ అంటారు. అక్కడి నుంచి మొత్తం గొట్టాలన్నీ తిప్పకుండా, చివరన ఉన్న మోటారు మాత్రమే తిరుగుతుంది. ఆ మోటారును తిప్పేది కరెంటు కాదు, పైనుంచి గొట్టంలోకి ఒత్తిడితో పంపే బురద. ఆ బురదే బిట్టును చల్లబరుస్తుంది, తవ్విన రాతిపొడిని పైకి మోసుకొస్తుంది, లోపలి గ్యాసు ఎగదన్నకుండా తన బరువుతో అదిమిపెడుతుంది. బిట్టు ఏ దిక్కున పోతోందో పైనున్నవాళ్లకు తెలిసేది కూడా ఆ బురదలో పుట్టే ఒత్తిడి అలల ద్వారానే. కొంచెం కొంచెంగా కోణం పెంచుకుంటూ తొంభై డిగ్రీలకు వచ్చాక, చమురున్న పొర వెంట బావి అడ్డంగా సాగిపోతుంది. నిటారు బావి ఆ పొరను ఒక్కచోట పొడిచి వెళ్తే, అడ్డ బావి దాని పొడవునా తాగుతుంది. అందుకే ఖర్చు ఎక్కువైనా కంపెనీలకు గిట్టుబాటు.

ఆ బురదకు బరువు రావడానికి కలిపే పొడి బెరైటీస్. ప్రపంచంలో పేరున్న బెరైటీస్ గనుల్లో ఒకటి మన రాయలసీమలోనే, ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో ఉంది. నోట్సులో బెరైటీస్ గురించి రెండు పేజీలున్నాయి కానీ మంగంపేట పేరు లేదు. టీచర్ ట్రైనింగులో మాకు మొదట నేర్పింది తెలిసిన దాని నుంచి తెలియని దానికి వెళ్లమని. తెలుగు పిల్లలకు పాఠం చెబుతూ మంగంపేటను వదిలేసిన నోట్సు ఇంకేం వదిలేసి ఉంటుందోనన్న అనుమానం మాకు అక్కడే మొదలైంది.

తర్వాతి పేజీలో ఈ పద్ధతిని ఎక్కడెక్కడ వాడతారో ఒక పట్టిక ఉంది. దాని పైన శీర్షిక డిఫికల్ట్ టెరైన్. కింద కొండలు, దట్టమైన అడవులు, చిత్తడి నేలలు, నదులు, సరస్సులు, రక్షిత ప్రాంతాలు. ఇలాంటి చోట్ల రిగ్గు నిలబెట్టడం కష్టం కాబట్టి దూరంగా అనుకూలమైన చోట రిగ్గు పెట్టి, కింద నుంచి వెళ్లవచ్చునని సారాంశం. పక్కన బొమ్మ. నేల ఉపరితలం ఒక గీత. గీత మీద ఒకవైపు రిగ్గు, రెండోవైపు రెండు చెట్లు, ఒక కొండ, నీళ్లకు గుర్తుగా మూడు అలలు. ఇల్లు లేదు. మనిషి లేడు. మేక కూడా లేదు.

ఆ పట్టికను మా పాఠశాలలో ఏడో తరగతి పిల్లల ముందు పెడితే, ఇది మా మండలం సార్ అంటారు. కొండ ఉంది, అడవి ఉంది, వాగు ఉంది. ఒక్క ఊరు తప్ప అన్నీ ఉన్నాయి.

డిఫికల్ట్ అంటే కష్టమైనది. ఎవరికి కష్టం? పది చక్రాల లారీకి కష్టం. రిగ్గు విడిభాగాలు మోసుకొచ్చే ట్రెయిలరుకు కష్టం. ఆ కొండ ఎక్కి చింతపండు, ఇప్పపువ్వు తెచ్చుకునే మనిషికి అది దారి. వాన వచ్చే ముందు ఏ వాగు ఏ గంటకు పొంగుతుందో తెలిసినవాళ్లకు అది ఇల్లు. మాకు తెలిసి మా ఊళ్లవాళ్లకు నిజంగా దుర్గమమైన ప్రాంతం పంజాగుట్ట చౌరస్తా. నిమ్స్ నుంచి బయటికొచ్చి మందుల షాపు కోసం రోడ్డు దాటబోయి, సిగ్నలు మూడుసార్లు పడినా అడుగు వేయలేక, కాగితాల కవరు చేతిలో పట్టుకుని నిలబడిపోయిన ముసలివాళ్లను మేము చూశాం. ఏ నోట్సూ పంజాగుట్టను డిఫికల్ట్ టెరైన్ అని రాయదు.

నిజానికి పంజాగుట్ట పేరులోనే గుట్ట ఉంది. పక్కన బంజారాహిల్స్, ఆపైన జూబ్లీహిల్స్, అన్నీ రాతి గుట్టలే. ఆ రాళ్లను పగలగొట్టారు, ఇళ్లు కట్టారు, గజం ధర పెరిగింది. బంజారాల పేరు హిల్స్‌కు మిగిలింది. అంటే గుట్ట అయినంత మాత్రాన నేల డిఫికల్ట్ అయిపోదు. కొనేవాళ్లుంటే అదే గుట్ట ప్రైమ్ లొకేషన్ అవుతుంది. కాబట్టి ఆ మాట నేల తీరు గురించి చెప్పడం లేదు, ఆ నేలతో అవసరమున్న బయటివాడి గురించి చెబుతోంది.

పక్కనే ఇంకో రెండు మాటలున్నాయి. చమురున్న పొరను పే జోన్ అంటారు, డబ్బులిచ్చే చోటు. దాని మీద ఉన్నదంతా ఓవర్‌బర్డెన్, పైనున్న భారం. ఆ భారం ఎంత ఒత్తిడి కలిగిస్తుందో లెక్కకట్టే సూత్రం కూడా ఇచ్చారు. భౌతికశాస్త్రంగా అందులో తప్పేమీ లేదు. రాయికి బరువుంటుంది, బరువును లెక్కపెట్టాలి. కానీ అదే మాట బొగ్గు గనుల్లో పైమట్టి తవ్వి గుట్టగా పోసినప్పుడు కూడా వాడతారు, కొత్తగూడెం వైపు పిల్లలు ఆ మట్టిగుట్టల్ని ఓబీ అనే పిలుస్తారు. ఇల్లెందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలైనప్పటి నుంచి ఆ నేల మీద బతికిన కోయవాళ్లు ఎవరి లెక్కలోనైనా ఉన్నారంటే, ఆ పైభారంలోనే ఉన్నారు. విత్తనం వేసే ముందు భూమి పండుగ చేసి, భూమిని అడిగి గాని నాగలి పెట్టనివాళ్లకు ఈ మాట చెవిలో ఎలా పడుతుందో నోట్సు రాసినవాళ్లకు తెలిసే అవకాశం లేదు. మా కుర్రాడికి తెలుసు. అయినా వాడు దాన్ని బట్టీపట్టాడు, పరీక్షలో వస్తుంది కాబట్టి.

ఈ పద్ధతికి పెద్ద ఉదాహరణగా నోట్సు ఇంగ్లండులోని విచ్ ఫామ్‌ను చెబుతుంది. డోర్సెట్ తీరంలో పూల్ హార్బర్ పక్కన 1973లో కనుగొన్న చమురు క్షేత్రం అది. చమురులో కొంత సముద్రపు అడుగున ఉంది. మొదట పూల్ అఖాతంలో ఒక కృత్రిమ దీవి కట్టి అక్కడి నుంచి తవ్వుదామనుకున్నారు. అందమైన తీరం, పక్షులు, పర్యాటకులు. చివరికి దీవి ఆలోచన మానుకుని, ఒడ్డున చెట్ల చాటున రిగ్గు పెట్టి, సముద్రం కిందకు అడ్డంగా వెళ్లారు. 1990ల చివరికి అక్కడి బావులు అడ్డంగా పది కిలోమీటర్లు దాటాయి. ఖర్చూ తగ్గింది, తీరమూ మిగిలింది. మేము దీన్ని చిన్నచూపు చూడటం లేదు. మా మండలంలోనే చమురు దొరికితే ఇరవై చోట్ల అడవి కొట్టి ఇరవై రిగ్గులు పెట్టడం కంటే, ఒక్కచోట పెట్టి ఇరవై వైపులకు కింద నుంచి పోవడమే మేలని మేమూ అంటాం. పద్ధతి మంచిదే. పైన ఉన్నవాళ్ల నోరు పెద్దదైనచోట ఆ పద్ధతి వాళ్లకు పనికొచ్చింది.

అదే పద్ధతి మన దేశంలో ఎక్కడ తలపెట్టారో నోట్సు చెప్పదు. మేము చెబుతాం. అస్సాంలోని తిన్‌సుకియా జిల్లాలో డిబ్రూ సైఖోవా నేషనల్ పార్కు ఉంది. దాని పక్కన బాఘ్‌జాన్. ఆ పార్కు కింద ఏడు చోట్లకు, పార్కు బయట నుంచి వంపు బావులు తవ్వడానికి ఆయిల్ ఇండియాకు 2020 మే 11న కేంద్రం పర్యావరణ అనుమతి ఇచ్చింది. పదహారు రోజులకు, మే 27న, బాఘ్‌జాన్‌లో అదే సంస్థకు చెందిన ఐదో నంబరు బావి అదుపు తప్పి గ్యాసు ఎగజిమ్మింది. జూన్ 9న అంటుకుంది. ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. వేలమంది ఊళ్లు వదిలి సహాయ శిబిరాల్లో ఉన్నారు. పక్కనున్న మాగురి మోటాపుంగ్ చిత్తడి నేల మీద చమురు తేలింది. నవంబరు 15 దాకా ఆర్పలేకపోయారు.

ఇక్కడ న్యాయంగా ఉండాలి. పేలిన ఆ బావి పార్కు కిందకు పోయిన అడ్డ బావి కాదు, పాత గ్యాసు బావి. కానీ మేము పట్టించుకునేది అదే. అడ్డ బావి కింద ఎంత నాజూగ్గా పోయినా, దాని నోరు నేల మీదే ఉంటుంది. ఎగదన్నితే పైకే ఎగదన్నుతుంది. రిగ్గు, బురద గుంట, లారీల రోడ్డు, మంట, అన్నీ ఎవరో ఒకరి పొలం పక్కనే ఉంటాయి. కోనసీమవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో లేచిన మంట అరవై రోజులు దాటి మండింది. 2014 జూన్ 27న నగరంలో గ్యాసు గొట్టం పగిలి ఇరవై మందికి పైగా చనిపోయారు. అది డిఫికల్ట్ టెరైన్ కూడా కాదు, కొబ్బరితోటల చదును నేల.

పార్కు మీద ఎలాంటి ప్రభావం ఉంటుందో చూడాల్సిన జీవవైవిధ్య అధ్యయనం చేయకుండానే ఆ ఏడు చోట్లకు అనుమతి వచ్చిందని కోర్టుకు వెళితే, 2020 డిసెంబరులో గువాహటి హైకోర్టు ఆ తవ్వకాన్ని నిలిపివేసింది. ఆ పార్కులోనే లైకా, దధియా అనే ఊళ్లున్నాయి. మిసింగ్ తెగవాళ్లవి. నేషనల్ పార్కులో ఊరుండకూడదు కాబట్టి వాళ్లకు రోడ్డు, కరెంటు సరిగా ఇవ్వలేదు, వేరేచోట స్థలమూ ఎన్నో ఏళ్లు చూపించలేదు. నేల మీద వాళ్లు ఉండటానికి చట్టం ఒప్పుకోదు. నేల కింద గొట్టం పోవడానికి కాగితం రెండు వారాల్లోనో రెండేళ్లలోనో వస్తుంది. పైన ఉన్నవాడికీ కింద పోయేదానికీ ఒకే అడవి, రెండు న్యాయాలు.

నోట్సులో ఒక మాట మాటిమాటికీ వస్తుంది. ఉపరితలాన్ని తాకకుండా. అడవిని తాకకుండా, నదిని తాకకుండా, జనాన్ని కదిలించకుండా. చదువుతుంటే ఆ మాట ఎంతో మర్యాదగా ఉంటుంది. మా విమర్శ అంతా ఈ ఒక్క మాట మీదే. మా ప్రాంతాల్లో చట్టం రాసిన తీరు వల్ల, తాకకుండా అంటే అడగకుండా అని అర్థం వస్తోంది.

ఎలాగో చూడండి. ఒడిశాలో నియంగిరి కొండ మీద బాక్సైట్ తవ్వాలనుకున్నప్పుడు కొండ తల తీసేయాలి. దేవుడి కొండ, డోంగ్రియా కోందుల కొండ. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, ఆ సంగతి గ్రామసభలే తేల్చాలంది. పన్నెండు గ్రామసభలు కూర్చున్నాయి. పన్నెండూ వద్దన్నాయి. కొండ నిలబడింది. ఆదివాసీ ప్రాంతాల్లో అప్పటి నుంచి ఆ పేరు ధైర్యంగా చెప్పుకుంటున్నాం. ఇప్పుడు ఒక్కసారి వేరేలా ఊహించండి. బాక్సైట్‌కు బదులు ఆ కొండ కింద రెండు కిలోమీటర్ల లోతున చమురు ఉండి, పది కిలోమీటర్ల దూరంలో మైదానంలో రిగ్గు పెట్టి కింద నుంచి తీసుకోగలిగితే? చెట్టు కొట్టరు. ఇల్లు తీయరు. భూమి సేకరించరు. గ్రామసభ ఏ కాగితం మీద కూర్చుంటుంది?

ఇది ఊహ మాత్రమే కాదు. అడవి బయట బావి పెట్టి, అడవి కిందకు దూరం పోయి చమురు తీసే పద్ధతికి అటవీ సంరక్షణ చట్టం కింద అనుమతి అక్కర్లేదని 2023లో కేంద్ర పర్యావరణ శాఖ సడలింపు ఇచ్చింది. అటవీ అనుమతి అడగాల్సి వస్తే కనీసం ఒక దస్త్రం కదులుతుంది, అటవీ హక్కుల చట్టం మాట వస్తుంది, గ్రామసభ తీర్మానం కావాలని ఎవరో ఒకరు అడుగుతారు. మెట్టు తీసేశాక ఆ మెట్టు మీద నిలబడి మాట్లాడే చోటు కూడా పోయింది.

పీసా చట్టం ఉంది కదా అంటారు. 1996 నాటి ఆ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి సేకరించే ముందు గ్రామసభను సంప్రదించమంది. సేకరణే లేకపోతే సంప్రదింపు ఎందుకంటారు. ఖనిజాల విషయంలో గ్రామసభ సిఫారసు తప్పనిసరి చేసింది ఇసుక, కంకర లాంటి చిన్నతరహా ఖనిజాలకే. చమురు అందులో రాదు. 1997 సమత తీర్పు ఏజెన్సీ భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదంది. అందులో భూమి అన్నప్పుడు మనకు కనిపించేది పైపొరే. మైదానంలో లీజు తీసుకున్న బావి కింద నుంచి ఏజెన్సీలోకి వస్తే దాన్ని ఏమనాలో అడిగే సమయం వచ్చింది. 2013లోనే సుప్రీంకోర్టు మలబారు భూముల కేసులో, చట్టప్రకారం తీసుకుంటే తప్ప నేల కింది ఖనిజం మామూలుగా నేల యజమానిదేనని చెప్పింది. పట్టాదారుకు ఆ మాట కొంత పనికొస్తుందేమో. పోడు భూమికి హక్కుపత్రం పట్టుకుని తిరిగే మనిషికి కింద ఎంత లోతు దాకా హక్కుందో ఆ పత్రంలో ఒక్క అంగుళం కూడా రాయలేదు.

తాకకుండా పోయే గొట్టానికి మన చట్టంలో పాత ఉదాహరణ కూడా ఉంది. 1962 నాటి పెట్రోలియం పైపులైన్ల చట్టం. భూమి రైతు పేరు మీదే ఉంటుంది, కింద గొట్టం వేసుకునే హక్కు మాత్రం ప్రభుత్వమో కంపెనీయో తీసుకుంటుంది. ఆ పట్టీ మీద రైతు పంట వేసుకోవచ్చు. ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెరువు తీయకూడదు, చెట్టు నాటకూడదు. పరిహారం భూమి విలువలో పది శాతం. మొక్కజొన్న వేసుకునే మైదానం రైతుకు అది కొంత నష్టం. చెట్టే బతుకైనవాళ్లకు చెట్టు నాటకూడదన్న నేల ఏ మేరకు మిగిలినట్టు?

ఇదే పంజాగుట్ట, అమీర్‌పేట మీదుగా మెట్రో వచ్చినప్పుడు ఎంత మాట్లాడారో గుర్తుందా? సుల్తాన్ బజార్ వ్యాపారులు బందులు చేశారు. అసెంబ్లీ ముందు, సుల్తాన్ బజార్‌లో నేల కింద నుంచి పోవాలని 2014లో అప్పటి ముఖ్యమంత్రే అన్నారు. చివరికి స్తంభాల మీదే పోయింది, అది వేరే సంగతి. తల మీదుగా పోవాలా, కాళ్ల కింద నుంచి పోవాలా అన్నది నగరంలో ఏళ్ల తరబడి పేపర్ల మొదటి పేజీలో నడిచిన చర్చ. దుకాణం పెట్టుకున్నవాడికి తన కింద ఏం పోతుందో అడిగే హక్కుందని ఎవరూ వేరే చెప్పాల్సిన పని రాలేదు.

మా వైపు అలాంటి చర్చ జరగకుండానే ఒక సొరంగం మొదలైంది. చమురు కోసం కాదు, నీళ్ల కోసం. శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం. నల్లమల కింద దాదాపు 44 కిలోమీటర్లు. నల్లగొండ ఫ్లోరైడు ఊళ్లకు నీళ్లు, మూడు లక్షల ఎకరాలకు పైగా సాగు. దాన్ని వద్దనే మనిషి ఎవరుంటారు? మేమూ అనం. పైన అమ్రాబాద్ పులుల అడవి, చెంచుల అడవి. కాబట్టి పైనుంచి మధ్యలో దారులు తవ్వకుండా రెండు కొసల నుంచే యంత్రాలు పెట్టి తవ్వుకుంటూ పోవాలన్నారు. నోట్సు భాషలో చెప్పాలంటే, డిఫికల్ట్ టెరైన్‌ను తాకకుండా. 2025 ఫిబ్రవరి 22 ఉదయం దోమలపెంట వైపు పద్నాలుగో కిలోమీటరు దగ్గర పైకప్పు కూలింది. ఎనిమిది మంది లోపల ఉండిపోయారు. మధ్యలో దారి లేదు కాబట్టి రక్షించేవాళ్లు కూడా ఆ పద్నాలుగు కిలోమీటర్లూ బురదలో, ఊరే నీళ్లలో పోవాల్సి వచ్చింది. సైన్యం వచ్చింది, సింగరేణి దళాలు వచ్చాయి, కేరళ నుంచి వాసన పట్టే కుక్కలు వచ్చాయి. నెల రోజుల్లో ఇద్దరి శవాలు దొరికాయి. మిగిలిన ఆరుగురి కోసం వెతకడం ఏప్రిల్‌లో ఆపేశారు.

ఆ ఎనిమిది మందిలో నలుగురిది జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా. ఆదివాసీల జిల్లా. 2023 నవంబరులో ఉత్తరాఖండ్ సిల్క్యారా సొరంగంలో పదిహేడు రోజులు చిక్కుకున్న 41 మందిలోనూ జార్ఖండ్‌వాళ్లే ఎక్కువ. అక్కడ అడ్డంగా తొలిచే ఆగర్ యంత్రం ఇనుపకడ్డీల్లో ఇరుక్కుని విరిగిపోతే, చివరి కొన్ని మీటర్లు చేత్తో తవ్వి వాళ్లను బయటికి తెచ్చింది ఎలుకబొరియల గనుల కూలీలు. డిఫికల్ట్ టెరైన్ మీద ఉండేదీ మేమే, దాని కిందకు దిగేదీ మేమే. బొమ్మలో గీత పైనా లేము, కిందా లేము.

మా కుర్రాడితో ఇదంతా మాట్లాడితే వాడు ఒక మంచి ప్రశ్న వేశాడు. సార్, చమురు మూడు కిలోమీటర్ల లోతున ఉంటుంది, మన చెలమ నీళ్లు మూడు అడుగుల లోతులో ఉంటాయి, దానికీ దీనికీ ఏం సంబంధం? ఉక్కు గొట్టం వేస్తారు, దాని చుట్టూ సిమెంటు నింపుతారు. ఒప్పుకున్నాం. సరిగ్గా వేస్తే సంబంధం ఉండదు. కానీ మూడు కిలోమీటర్లు పోవాలంటే ఆ మూడు అడుగుల గుండానే కదా పోవాలి. ఆ బురద కలపడానికి నీళ్లు ఏ వాగు నుంచి తెస్తారు? ఎండాకాలం వాగులో ఒకచోట మోటారు పెట్టి తోడితే కిందనున్న ఊరి చెలమ ఎండిపోతుందని మా ఆడవాళ్లకు ఏ సర్వే లేకుండానే తెలుసు. వాడు కాసేపు ఆలోచించి, ఈ ప్రశ్న మా ఫ్యాకల్టీని అడుగుతానన్నాడు. అడిగాడట. సిలబస్‌లో లేదన్నారట.

సిలబస్‌లో లేనిదాన్ని రాయడమే రచయితల పని. ఆదివాసీ సాహిత్యంలో నిర్వాసిత కథకు ఒక రూపం స్థిరపడింది. సర్వేవాళ్లు వస్తారు, రాళ్లు పాతుతారు, ఊరు ఖాళీ అవుతుంది, పోలవరం నీళ్లు గుడిని ముంచుతాయి. అవన్నీ రాయాల్సిన కథలే. కానీ ఎవరూ రాని, రాయి పాతని, ఊరు కదలని కథ ఒకటి వస్తోంది. ఊరు అక్కడే ఉంటుంది, కింద నుంచి సొమ్ము పోతుంది, పైన ఎవరికీ ఏమీ తెలియదు. దానికి ఏడుపు ఉండదు, ఊరేగింపు ఉండదు. అలాంటి కథ రాయడం కష్టం. మన దగ్గర దానికి మాటలు కూడా ఇంకా తయారు కాలేదు. అందుకే ఈ నోట్సులు చదవాలని మేము అంటున్నది. కిక్ ఆఫ్ పాయింట్ ఎక్కడుందో తెలిస్తే బావి ఎటు వంగుతోందో గ్రామసభలో అడగవచ్చు. ఎంత లోతు, ఏ దిక్కు, ఎన్ని మీటర్లు, ఎవరి ఇంటి కింద, బురద గుంట ఎక్కడ, నీళ్లు ఎక్కడివి, బావి పనికిరాకుండా పోయాక దాన్ని మూసేది ఎవరు, మూశాక ఇరవై ఏళ్లకు లీకైతే ఎవరికి ఫోన్ చేయాలి. ఈ ప్రశ్నలన్నీ ఆ నోట్సు చదివితేనే మాకు తట్టాయి.

ఆ కుర్రాడి కోర్సు ఇంకో నెలలో అయిపోతుంది. ఉద్యోగం కాకినాడ వైపు వస్తే మంచిదని వాళ్లమ్మ అనుకుంటోంది, గల్ఫ్ వస్తే అప్పు తొందరగా తీరుతుందని నాన్న. ఏది వచ్చినా వెళ్లమనే మేమూ చెప్పాం. తన నోట్సులో ఆ బొమ్మ మీద వాడు పెన్సిలుతో కొన్ని గీతలు గీసి తిరిగి ఇచ్చాడు. కొండ పక్కన ఐదు ఇళ్లు, ఒక చెలమ, వాగు ఒడ్డున ముత్యాలమ్మ చెట్టు. కింద బావి ఎంత లోతులో పోతోందో మీటర్లలో రాశాడు. స్కేలు సరిగా లేదు. ఇళ్లు మరీ పెద్దవిగా వచ్చాయి.